చెరుకుతోటలో నాలుగు మీటర్ల దూరం

వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే.

లోపలికి వచ్చేటప్పుడు తలుపు పక్కన స్టూలు మీద ఒక చెక్క పలక ఉంది. దాని మీద బురదలో కూరుకుపోయిన బొమ్మ ట్యాంకు. చాలామంది దాని పక్కనుంచి చెప్పుల స్టాండు దాటినట్టే దాటి వచ్చేశారు, ఇక్కడ నిలబడి చూస్తూనే ఉన్నాను. పర్లేదు. దాని సంగతి చివర్లో చెప్తాను. ఇప్పటికి నా ముందు బల్ల మీదున్న ఈ జీపును చూడండి.

నేను సైనికుడిని కాదు, చరిత్ర పాఠాలు చెప్పేవాడినీ కాదు. మలక్‌పేటలో ఒక డెంటల్ ల్యాబ్‌లో పళ్ళు తయారుచేస్తాను. మీలో ఎవరికైనా క్యాప్ వేసి ఉంటే అది నా చేతి మీదుగా వచ్చిందేమో, ఒకసారి నవ్వితే చెప్పేస్తాను. (నవ్వులు) ఈ పని గురించి ఎందుకు చెప్తున్నానంటే, ఈ బొమ్మల్లో నాకు వచ్చిన కాస్త పనితనమూ అక్కడ అబ్బిందే.

ఇలా నేలతో సహా ఒక దృశ్యాన్ని కొలత ప్రకారం చిన్నగా చేసి పెట్టడాన్ని డయోరమా అంటారు. ఆ మాట అనగానే మనవాళ్ళు ఏదో విదేశీ హాబీ అనుకుంటారు. మా ఇంట్లో ఏటా సంక్రాంతికి అమ్మ బొమ్మల కొలువు పెట్టేది. కింద మెట్టు ముందు నేలమీద ఒక ఊరు కట్టడం నా వంతు. పది రోజుల ముందే పళ్ళెంలో మెంతులు, ఆవాలు చల్లితే పండగనాటికి పచ్చగా పొలం. పగిలిన అద్దం ముక్క చెరువు. ముగ్గుపిండి రోడ్డు. ఆ రోడ్డు మీద కొండపల్లి అంబారీ ఏనుగు, దాని వెనక అంత ఎత్తే ఉన్న ప్లాస్టిక్ సిపాయి, ఆ సిపాయికంటే పెద్ద కోడిపుంజు. ఎవరూ తప్పు పట్టలేదు. కొలువులో కొలత అక్కర్లేదు, భక్తి ఉంటే చాలు. డయోరమాలో మాత్రం ఆ కోడిపుంజు ఒక్కటి చాలు, మొత్తం అబద్ధమైపోవడానికి.

అందుకని ముందు కొలత గురించి. మిలిటరీ బొమ్మల్లో ఎక్కువగా వాడేది 1/35. అంటే అసలు వస్తువు 35 అంగుళాలుంటే మనది ఒక అంగుళం. 35 ఎందుకు, 30 ఎందుకు కాదు, 40 ఎందుకు కాదు అని నేనూ చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నాను. కారణం తెలిశాక నవ్వొచ్చింది. 1960ల మొదట్లో జపాన్‌లో టమియా కంపెనీ మోటారుతో నడిచే పాంథర్ అనే ట్యాంకు బొమ్మ కిట్ చేసింది, అంటే ముక్కలుగా వస్తుంది, మనమే అతికించుకోవాలి. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి. అవి పట్టే సైజు చూసుకుని ట్యాంకు చేస్తే, అది సుమారు 1/35 అయింది. ఆ తర్వాత లోకమంతా అదే పట్టుకుంది. విమానాలవాళ్ళది 1/72, 1/48. రైలు బొమ్మలవాళ్ళకు 1/87 ఎక్కువ. ఒకదాని చెట్టు ఇంకోదాని పక్కన పెడితే మళ్ళీ మన కోడిపుంజు కథే.

1/35లో అయిదడుగుల ఏడంగుళాల మనిషి అయిదు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ప్యాటన్ ట్యాంకు (తలుపు పక్కనున్నది ఆ రకమే) ఎత్తు దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు. ఇవి కిట్ చేసే కంపెనీ చూసుకుంటుంది, మనకు బాధ లేదు. బాధంతా కిట్‌లో రాని వాటితోనే. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ లోకంలో మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి. ఇంటి ముందు పోసిన ఇసుక తెచ్చి చల్లితే మీ పొలం రైలు పట్టాల కింది కంకరలా ఉంటుంది. మట్టిని వస్త్రకాళితం పట్టాలి. మా నాయనమ్మ మందుపొడులకు వాడే మాట అది. పలుచటి నూలుగుడ్డ గిన్నెకు కట్టి, ఎండిన మట్టి పోసి, వేళ్ళతో మెల్లగా తడుతూ ఉంటే కింద పడేదే మన నేల.

సరే, ఏ నేల? ఇక్కడ కొంచెం యుద్ధం గురించి చెప్పక తప్పదు.

1965 సెప్టెంబరు 8 నుంచి 10 దాకా పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అనే ఊరి చుట్టూ ట్యాంకుల యుద్ధం జరిగింది. ఊరి పేరే అది. హిందీలో చదివితే ‘అసలైన జవాబు’ అని అర్థం వస్తుంది కాబట్టి తర్వాత ఆ పేరు మీద ఎన్నో చమత్కారాలు పుట్టాయి. అటువైపు పాకిస్తాన్ మొదటి ఆర్మర్డ్ డివిజన్, అంటే ట్యాంకుల దళం, వాళ్ళ చేతిలో అమెరికా ఇచ్చిన ప్యాటన్లు. ఇటువైపు మన నాలుగో మౌంటెన్ డివిజన్, రెండో ఆర్మర్డ్ బ్రిగేడ్. మనవాళ్ళ ట్యాంకుల్లో సెంచూరియన్లు మంచివే గానీ, షెర్మన్లు రెండో ప్రపంచయుద్ధం నాటివి. ఆ షెర్మన్లు నడిపింది ఎవరో తెలుసా? డెక్కన్ హార్స్. 1790లో ఇక్కడ, ఈ హైదరాబాద్‌లో, నిజాం కోసం మొదలైన గుర్రపు దళం. గుర్రాలు పోయి ట్యాంకులొచ్చినా పేరులో ‘హార్స్’ పోలేదు. ఆ రోజు దాని కమాండింగ్ ఆఫీసరు అరుణ్ శ్రీధర్ వైద్య. మహావీర చక్ర వచ్చింది, తర్వాత 1983లో సైన్యాధిపతి అయ్యారు. నేను ఈ యుద్ధాన్ని ఎంచుకోవడానికి ముందు కారణం ఇదే, మన ఊరి పేరు అందులో ఉండటం. తర్వాత తర్వాత ఆ కారణం వెనక్కి పోయింది.

ఎందుకంటే, చదివేకొద్దీ నాకు అర్థమైంది, అక్కడ సగం యుద్ధం చేసింది నేల. మనవాళ్ళు వెనక్కి జరిగి గుర్రపునాడా ఆకారంలో కూర్చున్నారు. కాలువలకు గండి కొట్టి చెరుకుతోటల్లోకి నీళ్ళు వదిలారు. నలభై అయిదు టన్నులకు పైబడిన ట్యాంకు నానిన చెరుకుతోటలో దిగితే ఏమవుతుంది? వేగం పోతుంది. తిరగబోతే ఇంకా దిగుతుంది. పైగా ఎదురుగా ఏమీ కనిపించదు. చెరుకులో దాక్కున్న మన ట్యాంకులు, జీపుల మీది గన్లు పక్కనుంచి కొట్టాయి. మూడు రోజుల్లో పాకిస్తాన్ తొంభైకి పైగా ట్యాంకులు పోగొట్టుకుంది. జీపు మీది గన్‌తో ట్యాంకులను కొట్టి, 10వ తేదీన ప్రాణం వదిలిన నాలుగో గ్రెనేడియర్స్ హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర ఇచ్చారు. ఈ బల్ల మీది జీపు ఆయనది అని నేను చెప్పను. ఆయన జీపు మీద ఏ గీత ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? అలాంటి ఒక జీపు, అంతే.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఈ హాబీలో మనమంతా ట్యాంకు మీద ఆరు నెలలు పెడతాం, నేల మీద ఆదివారం మధ్యాహ్నం పెడతాం. ట్యాంకు పూర్తయ్యాక ‘దీని కింద ఏదో ఒకటి పెట్టాలి కదా’ అని ఓ థర్మాకోల్ ముక్క, కాస్త పచ్చపొడి. నేను కూడా అదే చేశాను. థర్మాకోల్ మీద డబ్బాలో వచ్చే స్ప్రే పెయింట్ కొట్టాను. కళ్ళముందే కరిగి గుంతలు పడింది. థర్మాకోల్‌కు ఆ థిన్నర్ పడదు. మా అబ్బాయి వచ్చి ‘నాన్నా, బాంబు గుంతలు చాలా బాగొచ్చాయి’ అన్నాడు.

ఈసారి వరస మార్చాను. మొదట నేల, తర్వాత చెరుకు, నీళ్ళు, అన్నిటికంటే ఆఖరున బండి.

చెరుకు చూడ్డానికి సెప్టెంబరులోనే జహీరాబాద్ వెళ్ళాను. అది చెరుకు నేల. చెరుకు నాకు తెలీదా, రోజూ రసం బండి దగ్గర చూస్తూనే ఉన్నాను కదా అనుకున్నాను. బండి దగ్గర మనం చూసేది ఒలిచిన గడ. తోట వేరు. దూరంనుంచి అంతా పచ్చగా కనిపిస్తుంది, లోపలికి వెళ్తే కిందంతా గోధుమరంగు. ఎండిన ఆకు గడను పట్టుకుని వేలాడుతూ ఉంటుంది, నేలమీద చాపలా పరుచుకుని ఉంటుంది. పచ్చదనం పైన మూడో వంతే. సాళ్ళ మధ్య కూర్చుని చూస్తే పది అడుగులకు మించి కనిపించలేదు. ఆ తోట రైతు ‘ఏం పోగొట్టుకున్నావు సారూ?’ అని అడిగాడు. బొమ్మ చేస్తున్నాను అంటే నన్ను కింది నుంచి పైకి చూసి, ఒక గడ విరిచి ఇచ్చి పంపాడు.

ఆ గడతో లెక్క మొదలైంది. గడ మందం మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంటే మనకు సుమారు 0.85 మిల్లీమీటర్లు. కొబ్బరి ఈనెల చీపురు తీసుకుని, ల్యాబ్‌లో క్యాప్ మందం కొలిచే గేజ్‌తో ఒక్కో పుల్లా కొలిచాను. కొసన ఏడు సెంటీమీటర్లు మాత్రమే పనికొస్తుంది. ఎనిమిదడుగుల చెరుకుకు సరిగ్గా అంతే కావాలి. మిగతా చీపురు మా ఆవిడకు ఇచ్చేశాను, కొసలు లేని చీపురుతో ఏం చేసుకోమంటావని అడిగింది, న్యాయమైన ప్రశ్నే. ఆకు మీటరు పొడవుంటే మనకు మూడు సెంటీమీటర్లు, వెడల్పు మిల్లీమీటరు పైన చిల్లర. పలుచటి కాగితానికి రెండువైపులా రంగు వేసి, ఆరాక సన్నగా కోసి, మైనం చెక్కే పనిముట్టుతో మధ్యలో ఈనె గీత నొక్కాలి. ఆ గీత లేకపోతే ఆకు వంగదు, వేలాడిపోతుంది. కింది ఎండుటాకులకు రంగు వెయ్యలేదు, టీ డికాషన్‌లో ముంచాను. ఆరు వందల గడలు, ఒక్కోదానికి అయిదారు ఆకులు. రోజూ రాత్రి పన్నెండు గడలు నాటి పడుకునేవాణ్ణి. వ్యవసాయమే అది, కూలీ ఒక్కడే.

మట్టి రంగు దగ్గర మనవాళ్ళు తరచూ జారిపోతారు. చేతికి దొరికిన మట్టి వేసేస్తారు. ఎర్రమట్టి వేస్తే అది పంజాబ్ కాదు, పాలమూరు చెల్క. నల్లమట్టి వేస్తే జహీరాబాద్. పంజాబ్‌ది నదులు తెచ్చి పోసిన ఒండ్రు, ఎండితే బూడిద కలిసిన గోధుమరంగు, తడిస్తే ముదురు. నేను ధూల్‌పేటలో వినాయకుణ్ణి చేసేవాళ్ళ దగ్గర బంకమట్టి తెచ్చి, వస్త్రకాళితం పట్టి, ఫెవికాల్, రంపపు పొట్టు కలిపాను. వట్టి మట్టి అయితే ఆరాక బీటలు వారుతుంది. కొండపల్లి పనివాళ్ళు రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపి మక్కు చేసి బొమ్మకు చేతులు కాళ్ళు అతుకుతారు కదా, అక్కడినుంచి వచ్చిన ఆలోచన. మన దగ్గర ఇంత సరుకు ఉండగా పొట్లం మట్టిని విదేశాలనుంచి తెప్పించుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ డబ్బు, వాళ్ళ ఇష్టం అనుకోండి.

నీళ్ళు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ ఏడ్చింది ఇక్కడే.

నీళ్ళకు వాడేది రెసిన్, రెండు ద్రవాలు కొలిచి కలిపితే గట్టిపడుతుంది. తోటలో అర అడుగు నీళ్ళంటే మనకు నాలుగు మిల్లీమీటర్లు. అంతే. జనం రెండు సెంటీమీటర్లు పోస్తారు, లెక్కకట్టి చూస్తే అందులో ట్యాంకు కాదు, పడవ వెయ్యాలి. పైగా మందంగా పోస్తే గట్టిపడేటప్పుడు వేడెక్కి పగులుతుంది కూడా. రెండు పలుచటి పూతలుగా పోయాలి. మొదటిసారి ఆగస్టులో పోశాను. వానాకాలం గాలిలో తేమకు పైన తెల్లగా, జిడ్డుగా తేలింది. రెండోసారి జనవరిలో పోశాను. ఈసారి పలక అంచున టేపు సరిగ్గా అంటలేదు. పొద్దున్న లేచి చూస్తే డైనింగ్ టేబుల్ మీద ఒక చెరువు. ఇప్పటికీ ఉంది, మా ఇంటికొచ్చినవాళ్ళకు కనపడకుండా దాని మీద మ్యాట్ వేస్తాం. మూడోసారి కారలేదు, కానీ ఈనెపుల్లలు దీపంలో వత్తి నూనె పీల్చినట్టు రెసిన్‌ను పీల్చి, ప్రతి గడా మోకాలి దాకా గాజు మేజోళ్ళు వేసుకుంది. పుల్లల అడుగుకు ముందే వార్నిష్ పూసి ఆరనిచ్చి ఉంటే ఆ బాధ ఉండేది కాదు. నాలుగోసారి పూశాను. పలక సమంగా ఉందో లేదో మేస్త్రీలు వాడే లెవెల్ పెట్టి చూసుకున్నాను. నీళ్ళు అబద్ధమాడవు, పలక ఒక పక్కకు వాలితే చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తప్పని తెలుస్తుంది.

రంగు? నీలం వద్దు. దయచేసి వద్దు. గండి కొట్టిన కాలువ నీరు పొలంలో టీ రంగులో ఉంటుంది. రెసిన్‌లో అదే మట్టిపొడి చిటికెడు కలిపితే చాలు. నిగనిగలాడే ఉపరితలంలో ఆకాశం తనంతట తనే కనపడుతుంది, మనం పుయ్యక్కర్లేదు.

బండి ఆఖరున అన్నాను గానీ, ట్యాంకు దిగిన గుర్తు నేల ఆరాక చెయ్యకూడదు. తడిగా ఉన్నప్పుడే ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు, నొక్కాలి. బరువు కిందికి దిగితే మట్టి ఎక్కడికి పోతుంది? పక్కలకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు చెయ్యకపోతే ట్యాంకు బురదలో దిగినట్టుండదు, కాళ్ళు కోసేసినట్టుంటుంది. వెనక రెండు గాడులు, గాడుల్లో నీళ్ళు. వెనక్కి రావాలని ప్రయత్నించిందని చెప్పడానికి ఒక గాడి కొంచెం వంకర. ట్రాకుల కింద నలిగిన చెరుకు ముందుకు వాలి ఉండాలి, ట్యాంకు కదిలిన వైపుకే. ఇది నేను మొదట తిరగేసి పెట్టాను.

కిట్ విషయం త్వరగా చెప్తాను. డబ్బా మీద ప్యాటన్ అని ఉంటే చాలదు. తేలిగ్గా దొరికే కిట్లలో వియత్నాంలో తిరిగిన తర్వాతి రకం ఉంటుంది, దాని ఇంజన్ డెక్, అంటే వెనక ఇంజన్ మీది కప్పు, వేరు. ఫొటోలు చూసి సరిచేసుకోవాలి. మన సైనికుల బొమ్మలు దొరకడం కష్టం. 1965లో మనవాళ్ళు పెట్టుకున్నది బ్రిటిష్ పళ్ళెం తరహా హెల్మెటే కాబట్టి రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ బొమ్మలు తెచ్చి, బట్టలు ఎమ్‌సీల్‌తో సరిదిద్ది, ఆలివ్ గ్రీన్ వేశాను. ముఖాలు నాకు తేలిక, పళ్ళ పని కదా. నోరు మాత్రం ఎవరికీ తెరవలేదు.

రంగుల గురించి మా ల్యాబ్ మాట ఒకటి. మా దగ్గర షేడ్ గైడ్ ఉంటుంది, పళ్ళ రంగుల నమూనాల పట్టీ. కొత్తగా వచ్చిన కుర్రాడు పన్ను అంటే తెలుపు అనుకుంటాడు. చిగురు దగ్గర పసుపు, మధ్యలో ఇంకో రంగు, కొసన కొంచెం నీలి పారదర్శకం. ఒకే తెలుపు వేస్తే ఆ పన్ను ఫొటోలో బాగుంటుంది, నోట్లో పెడితే దూరంనుంచి కట్టుడుపన్ను అని అరుస్తుంది. ట్యాంకు ఆకుపచ్చ కూడా అంతే. పైకి చూసే భాగం ఎండకు వెలిసి ఉంటుంది, కింద ముదురుగా ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద కలిపిన రంగును పొద్దున కిటికీ దగ్గర పెట్టి చూడకుండా వెయ్యకండి, రెండు వెలుగుల్లో అది రెండు రంగులు. ఇంకొకటి, తుప్పు. ఇప్పుడు అందరికీ తుప్పు పిచ్చి పట్టింది. ఇది మూడు రోజుల యుద్ధం, నడిచే ట్యాంకులు. వాటి మీద ఉండాల్సింది దుమ్ము, బురద, కాళ్ళతో ఎక్కి దిగిన చోట అరుగుదల. కాలిపోయిన ట్యాంకు అయితే వేరు, అది కొద్దిరోజుల్లోనే నారింజరంగుకు తిరుగుతుంది. నాది కాలలేదు, వదిలేసి పోయిన ట్యాంకు.

ఇంత చేసి, ఏణ్ణర్ధం తర్వాత, ఒకే పలక మీద అటు ట్యాంకు, ఇటు చెరుకు చాటున జీపు పెట్టాను. నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు, సికింద్రాబాద్‌లో ఉంటారు, రిటైర్డ్ సుబేదార్. ఆయనను పిలిచి చూపించాను. కుర్చీ లాక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుని, చాలాసేపు చూశారు. చెరుకు ఆకును వేలితో తాకారు. మెచ్చుకుంటారని నిలబడి ఉన్నాను.

‘బాబూ, ఈ జీపుకీ ట్యాంకుకీ మధ్య ఎంత దూరం?’ అన్నారు.

‘ముప్ఫై సెంటీమీటర్లండీ.’

‘అంటే?’

ముప్ఫై ఇంటూ ముప్ఫై అయిదు. పదిన్నర మీటర్లు.

‘ఇంత దగ్గరికొస్తే గన్ ఎందుకయ్యా, దిగి చెంపమీద కొట్టొచ్చు’ అన్నారు. (నవ్వులు)

ఆ జీపు మీదున్నది 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్, అంటే కాల్చినా వెనక్కి తన్నని గన్. వెయ్యి మీటర్లు దాటి కూడా కొట్టగలదు. గన్ పొడవు, జీపు పొడవు దాదాపు ఒకటే. కాల్చినప్పుడు వెనకనుంచి మంట, గాలి తన్నుకొస్తాయి. అందుకే ఒక గుండు కాల్చగానే ఉన్న చోటు అవతలివాళ్ళకు తెలిసిపోతుంది, వెంటనే బండి తీసెయ్యాలి. నాకు ఇవన్నీ తెలుసు. జీపు వెనక చెరుకు ఆకులు చిరిగి, మసిబారినట్టు చేశాను కూడా. ఇసుక రేణువుకు లెక్క కట్టాను, ఆకు ఈనెకు లెక్క కట్టాను, అసలు ఆ ఇద్దరి మధ్య ఎంత నేల ఉందో అది మాత్రం కట్టలేదు. పలక సైజును బట్టి పెట్టేశాను, షోకేసులో పట్టాలి కదా.

ఆయన వెళ్ళాక ఒక వారం దాన్ని ముట్టుకోలేదు. వెనక ట్యాంకును 1/72లో పెట్టి దూరం ఉన్నట్టు భ్రమ కల్పించే పద్ధతి ఒకటుంది, ఒకే వైపు నుంచి చూసేట్టయితే బాగుంటుంది. నాకు అది నచ్చలేదు. చివరికి హాక్‌సా తెచ్చి పలకను మధ్యకు కోశాను. ఆరు వందల గడల్లో అరవై దాకా పోయాయి. కోసిన అంచులకు మళ్ళీ మట్టి, మళ్ళీ రెసిన్. నాలుగు నెలలు.

చెరుకు సన్నగా ఉన్న చోట నూట యాభై మీటర్ల దూరం అనుకున్నాను. అది నా ఊహ, ఏ పుస్తకంలోనూ లేదు. 1/35లో అది నాలుగు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు. మా హాల్లో అంత ఖాళీ చోటు లేదు. ఇక్కడ ఉంది. పొద్దున్నే వచ్చి టేపుతో కొలిచి పెట్టాను, ఈ బల్ల నుంచి ఆ తలుపు పక్క స్టూలు దాకా.

ప్రశ్నలుంటే తర్వాత అడగండి. ముందు ఒక్కొక్కరుగా ఇటు రండి. ఈ బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం బల్లకు ఆనించి, గన్ గొట్టం వెంట చూడండి. మధ్య వరసలో ఉన్నవాళ్ళు కొంచెం కుర్చీలు జరపాలి, మీరు చెరుకుతోటలో కూర్చున్నారు. ట్యాంకు చిన్నదిగా, సగమే కనిపిస్తుంది. పైన మూత తెరుచుకుని ఉంటుంది. పిల్లలను ముందు రానివ్వండి, ఆకులు మాత్రం ముట్టుకోవద్దు.